ఇరవై ఆరు అంగుళాల పిడి

గుడియాత్తంలో మా వీధివాళ్ళకు పడుగు, అంటే మగ్గం మీద నిలువు పోగుల లెక్క కావాలంటే నా దగ్గరకే వచ్చేవారు. ఇన్ని లుంగీలకు ఎంత నూలు తేవాలి, అంగుళానికి ఇన్ని పోగులైతే వెడల్పు మొత్తానికి ఎన్ని పోగులు, ఎర్ర గీతకు ఎన్ని, తెల్ల గీతకు ఎన్ని అని అడిగేవారు. నేను బడిలో చదివింది రెండో తరగతి వరకే. మిగతా ఎక్కాలు నూలు కండెలు చుడుతూ కూర్చున్నప్పుడు బడిగోడ మీదుగా వచ్చినవి వచ్చినట్టు పట్టుకున్నాను. పదమూడో ఎక్కం చెప్పిన రోజు నేను జ్వరంతో పడుకున్నట్టున్నాను. ఇప్పటికీ పదమూడును పదిగా, మూడుగా విడదీసే గుణిస్తాను. అయినా ఇరవై ఏళ్ళలో నా లెక్క వల్ల ఒక్క మగ్గం మీద కూడా నూలు చాలకపోవడం గాని, మూరెడు మించి మిగలడం గాని జరగలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. తరువాత జరిగిన దానికి మూలం ఈ ధైర్యమే కాబట్టి చెబుతున్నాను.

మా ఇల్లు నిజానికి మా అత్తది. ఆమె ఒక్కగానొక్క కొడుకు పెళ్ళి చేసుకుని పొన్నైకి ఇల్లరికం పోయి, మగ్గం వదిలి మడక పట్టి సేద్యానికి దిగాడు. ఆ తరువాత ఏడాది ఆమె కూతుర్ని చేసుకుని నేను ఈ ఇంటికి ఇల్లరికం వచ్చాను. ఒకరు పోయారు, ఒకరు వచ్చారు, లెక్క సరిపోయిందని అత్త అనేది. ముందు గదిలో నా మగ్గం, వెనక గదిలో ఆమె మగ్గం. రెండూ గుంట మగ్గాలే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి, గట్టు మీద కూర్చుని నేయాలి. అరవై దాటినా ఆమె అడ్డపోగు నడిపే నాడె విసిరితే పక్క గదిలో నా చెయ్యి దానంతట అదే తొందరపడేది.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడి ఎంతో కాలం కాలేదు. ఏ ఊరు అటు పోతుంది, ఏ ఊరు ఇటు ఉంటుంది అని టీకొట్టులో రోజుకొక మాట వినపడుతున్న కాలం. ఆ ఎండాకాలంలో అత్త మగ్గం ఎడమ గుంజ చెడింది. నేసిన గుడ్డ చుట్టుకునే కొయ్య ఒకటి ఉంటుంది. దాని రెండు కొసలూ రెండు గుంజలకు తొలిచిన గాడుల్లో కూర్చుంటాయి. ఎడమ గాడి అరిగి అరిగి ఆవలించిన నోరులా అయింది. పోగుల్ని దగ్గరకు నెట్టే పలక కొట్టినప్పుడల్లా కొయ్య గాడిలోంచి జారి గుడ్డ వదులయ్యేది. వదులైన పడుగు మీద నేసిన గుడ్డను దోమతెరకు కూడా ఎవరూ తీసుకోరు.

సరిగ్గా ఆ సమయానికే పొన్నై నుంచి బావ వచ్చాడు. సంతకు వచ్చినప్పుడల్లా తల్లిని చూసి పోవడం అతనికి అలవాటు. ఆమె గుంటలో వంగి, జారిన కొయ్యను మోకాలితో ఎత్తి పెట్టుకుంటూ నేయడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇక చాలమ్మా, మా ఇంటికి వచ్చి కూర్చో అన్నాడు. మగ్గం బాగున్నంత వరకు యాడికీ రానని ఆమె అంది. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. పదిహేను రోజులకు అతను బండి కట్టుకుని సంతకు వస్తాడు. ఆనాటికి మగ్గం నిలబడి ఉంటే ఆమె ఉంటుంది. లేకపోతే పెట్టె సర్దుకుని బండెక్కుతుంది. ఆమె ఒకసారి మాట ఇస్తే ఇచ్చినట్టే. అందుకే ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది.

"పొన్నై ఏ పక్కకు పోతాదో ఇంకా తెలవదంట. కూచున్న చోటే దేశం మారిపోయే ఊరికి నన్ను రమ్మంటాడు. ఆడ మగ్గం ల్యా, నాడె ల్యా. పొద్దుపోక నేను ఆ బర్రెల్ని లెక్కబెట్టుకోవల్ల" అంది.

ఎన్ని బర్రెలని అడగబోయి ఆగాను. గుంజ సంగతి నేను చూసుకుంటానని మాట ఇచ్చాను.

మా వీధికి మగ్గాల పని చేసే ఆచారి ఒకడే. అతను వేలూరులో ఎవరిదో మిద్దె కడుతుంటే వాకిళ్ళు, కిటికీల పనికి పోయాడు. నెల దాటితే గాని రాడు. అతని భార్యను అడిగితే ఉలి ఇచ్చింది. కొడతి ఇవ్వలేదు. కొడతి అంటే ఉలి తలమీద కొట్టే కొయ్య సుత్తి. మా వైపు కొట్టాపుళి అని కూడా అంటారు. ఇనుప సుత్తితో కొడితే ఉలి పిడి చీలిపోతుంది.

"ఉలి ఎత్తుకుపో నాయనా. అది ఇనుము, ఎవురు పట్టుకున్నా ఒకటే. కొట్టాపుళి మాత్రం ఆయన చేతికే అమిరి ఉండాది. వేరే చెయ్యి పడితే ఆయనకు పని కుదరదు. కావాలంటే చూసిపో" అంది.

చూసిపొమ్మంది కాబట్టి చూశాను. ముట్టుకోవద్దంది కాబట్టి జేబులోంచి నూలుపోగు తీసి, గోడకు వేలాడుతున్న కొడతికి అంగుళం ఎడంగా గాలిలో పట్టి కొలిచాను. తల ఆరంగుళాల పొడవు, నాలుగు వెడల్పు, నాలుగు మందం. పిడి తల బయట పన్నెండు, తల లోపల నాలుగు. మొత్తం పదహారు. ఇంత సుళువైన అంకెలు చూశాక నేనే ఒకటి చేయగలనని అనిపించింది.

తలకు చింతచేవ కావాలని అందరూ అన్నారు. ఎండిన చింతమొద్దు ఊరంతా వెతికితే ఒక్కచోటే ఉంది. అది మాంసం కొట్టు భాయి దగ్గర. పదేళ్ళుగా మాంసం నరికిన మొద్దు నిలువునా పగిలితే ఆయన కొత్తది వేయించుకుని, పాతదాన్ని కొట్టు వెనక పడేశాడు. అడిగితే సంతోషంగా ఒక చెక్క ఇచ్చాడు. కట్టెల అడితిలో రంపం పెట్టించి నాలుగు వైపులా పైపొర తీయించాను. లోపలి చేవ కాఫీ డికాక్షన్ రంగులో నిగనిగలాడింది. త్రాసులో పెడితే సరిగ్గా ఒక వీశె తూగింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మా అత్త నీచు ముట్టదు. కోడిగుడ్డు అమ్మేవాడు వీధిలోకి వస్తే తలుపు దగ్గరకు వేసే మనిషి. ఈ కొయ్య ఎక్కడిదని అడిగితే ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించాను. ఆమె అడగలేదు. పాత చింతకొయ్య అని నేనే ముందుగా చెప్పాను. అందులో అబద్ధం లేదు. నిజంలో ఒక భాగం మాత్రమే ఉంది, అదీ చిన్న భాగం.

తలలో పిడికి బెజ్జం తొలచడానికి ఉలిని దేనితోనైనా కొట్టాలి. కొట్టడానికి కొడతి కావాలి. కొడతి చేయడానికి కొడతి కావాలన్న సంగతి నా లెక్కలో ముందు తేలలేదు. చివరికి రోకలి ఎత్తి కొట్టాను. మా ఆవిడ కాసేపు చూసి, రోకలితో ఈ బెజ్జం పడినప్పుడు ఆ రోకలితోనే గుంజకు గాడి కూడా పడుతుంది కదా, మధ్యలో ఈ కొడతి ఎందుకని అడిగింది. గుంటలో కూర్చుని రోకలి ఎత్తడానికి చోటుండదని, ప్రతి పనికీ దానికి తగిన పొడవు పనిముట్టు ఉంటుందని వివరంగా చెప్పాను. ఆ మాట తరువాత ఆమె నాకు చాలాసార్లు గుర్తు చేసింది.

పిడికి ఏటిగట్టున పచ్చి తుమ్మకొమ్మ కొట్టి తెచ్చాను. ఎండినది కాకుండా పచ్చిది ఎందుకంటే, మా పనిలో తడి మంచిది. గంజి పెట్టి సాగదీసిన పడుగు ఆరితే వీణతీగలా బిగుస్తుంది. కొయ్య కూడా ఆరేకొద్దీ బిగుస్తుందని అనుకున్నాను. ఇక పొడవు. పోగు ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా పోతుంది కాబట్టి నేసిన గుడ్డ పడుగంత పొడవుండదు. పదహారు మూరల గుడ్డకు పదిహేడు మూరల పడుగు వేస్తాం. పదహారుకు ఒకటి కుదింపు. నా పిడి సరిగ్గా పదహారు అంగుళాలే కావడం శుభసూచకంగా తోచి ఒక అంగుళం కలిపాను. మళ్ళీ ఏ పడుగుకైనా చివర నేతకు రాని కొస కొంత మగ్గం మీద మిగిలిపోతుంది. దానికి అర మూర వదలడం మా ఆచారం. అంటే తొమ్మిది అంగుళాలు. పదహారు, ఒకటి, తొమ్మిది. మొత్తం ఇరవై ఆరు. కొయ్య పనికి మగ్గం లెక్క వేయకూడదని ఎవరూ చెప్పలేదు. ఎవరినీ అడగలేదు కూడా.

గాజుపెంకుతో గీకి నునుపు చేసి బెజ్జంలో దిగగొట్టాను. ఎంత బిగువుగా కూర్చుందంటే, తలకిందులుగా పట్టుకుని దులిపినా తల కదలలేదు. బండి వచ్చే రోజుకు ఇంకా ఐదు రోజులున్నాయి. వెంటనే పని మొదలుపెడతానంటే అత్త ఒప్పుకోలేదు. ఆ రోజు మంగళవారం, మగ్గం మీద ఇనుము పెట్టకూడదు. మర్నాడు అమావాస్య. తరువాతి రోజు పాడ్యమి. శుక్రవారం వర్జ్యం పోయేసరికి మధ్యాహ్నం దాటింది. ఇక మిగిలింది శనివారం ఒక్కటే. బండి ఆదివారం.

ఆ నాలుగు రోజులూ కొడతిని పొయ్యి పక్క గోడకు వేలాడదీశాను. రోజూ పొద్దున పిడి పొడవు కొలిచేవాణ్ణి. మంగళవారం ఇరవై ఆరు, బుధవారం ఇరవై ఆరు, గురువారం ఇరవై ఆరు. ఇంత నిలకడైన కొయ్య ఎక్కడా ఉండదని ఇంట్లో చెప్పాను. కుదింపు ఇంకా రాలేదు కాబట్టి మిగులు కోయకుండా ఉంచాను. మందం కొలవాలని మాత్రం నాకు తోచలేదు. పోగు మందాన్ని ఎవరు కొలుస్తారు?

ఆ రోజుల్లోనే మా వాకిట్లోకి ఒక కుక్క వచ్చి చేరింది. గోధుమరంగు కుక్క, చెవి ఒకటి చిరిగింది. గడప అవతల ముందుకాళ్ళ మీద తల పెట్టుకుని, లోపల పొయ్యి గోడ వైపే చూస్తూ పడుకునేది. అత్తకు దాని మీద ఎక్కడలేని గురి కుదిరింది. భైరవుడే కాపలా వచ్చినాడు, మగ్గం నిలబడుతుంది అని రోజూ పెరుగన్నం పెట్టింది. అది పెరుగన్నం తిని మళ్ళీ గోడ వైపే చూసేది. నేను దానికేసి చూడటం మానుకున్నాను.

శనివారం పొద్దున్నే గుంటలోకి దిగాను. పాత గాడిని అలాగే వదిలి, గుంజకు రెండో ముఖాన కొత్త గాడి తొలచాలని నా ఆలోచన. ముఖం మీద బొగ్గుతో గీత గీసి, ఉలి పెట్టి, కొడతి ఎత్తాను. ఎత్తేసరికి పిడి కొస వెళ్ళి నా పొట్టకు గుచ్చుకుంది. పక్కకు ఎత్తితే గుంట గోడకు తగిలింది. కొస ముందుకు పెట్టి పట్టుకుంటే తల నా చెవి పక్కకు వచ్చింది. గుమ్మంలో మా ఆవిడ నిలబడి, రోకలి తెమ్మంటావా అంది. నేను ఉలిని మళ్ళీ గీత మీద పెట్టాను. చెయ్యి వీలైనంత చాచి, పడుగు మీదుగా ఎత్తి, గట్టిగా ఒక దెబ్బ వేయబోయాను.

దెబ్బ పడలేదు. చేతిలో పిడి ఉంది, దాని కొసన ఏమీ లేదు. వీశె బరువు చింతచేవ పడుగు మీదుగా ఒక్క పోగు తెగకుండా ఎగిరి, ముందు గది దాటి గడప అవతల పడింది. నాలుగు రోజులుగా దానికోసమే కాచుకున్న భైరవుడు దాన్ని నోట కరుచుకుని లేచాడు.

ఇరవై ఆరు అంగుళాల కర్రతో నేను దాని వెంట పడ్డాను. నా వెనక మా ఆవిడ, ఆమె వెనక నెమ్మదిగా మా అత్త. వీధిలో ప్రతి మగ్గం ఆగిపోయింది. లెక్కలాయన కుక్కను ఎందుకు తరుముతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఒక పెద్దాయన ఈ పరుగుకు కూడా కుదింపు లెక్క ఉంటుందా అని అడిగాడు. కుక్క ఎటూ తిరగకుండా తిన్నగా మాంసం కొట్టుకు వెళ్ళి, పాత మొద్దు ఉండే చోట కొయ్యను పెట్టి కూర్చుంది. భాయి దాన్ని చేతికి తీసుకుని తిప్పి చూశాడు. మంచి మనిషి. వీధి సగం వినేటట్టు, ఇది నేనిచ్చిన నరికే మొద్దే కదా, ఎంత అందంగా చేశావు అని మెచ్చుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త అరుగు మీద కూర్చుని ఉంది. కొయ్యను ఆమె ముందు దూరంగా పెట్టి నిలబడ్డాను.

"నాలుగు దినాలు ఇది నా పొయ్యి పక్కన ఉండిందా నాయనా?" అంది.

"ఉండింది అత్తా."

"నాకు ముందే చెప్పుంటే?"

"వద్దనుంటావు."

"అవును, వద్దనుంటా" అని ఒప్పుకుంది. లోపల ఒక మూల, తల్లి ఇచ్చిన మాట తప్పదని తెలిసిన మా ఆవిడ ఆమె చీరలు అప్పటికే మడత పెట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు అత్తకు వినపడింది. నా వైపు తిరిగింది.

"నువ్వు లెక్కలోడివి గదా, ఇది లెక్కేసి చెప్పు. పొన్నైలో నా కోడలు ఆదివారం ఆదివారం నీచు వండతాది. ఏడాదికి ఎన్ని?"

"యాభై రెండు."

"పండగలకు?"

"అవి వేరే. ఒక అయిదారు పెట్టుకోవచ్చు."

"ఈడ ఈ కొయ్య ఎన్ని దినాలు?"

"ఒక్కదినం అత్తా. సాయంత్రానికి గాడి పడిపోతుంది."

"అయితే కడగండి" అంది.

పసుపు నీళ్ళతో మూడుసార్లు కడిగించింది. మూడోసారి తానే ఒక చెంబు పోసింది. తరువాత నా చేతిలోని పిడిని తీసుకుని, కొసను బొటనవేలితో తడిమింది. బెజ్జంలో పెట్టి చూసింది. నూలుదారం చుట్టినా నిండనంత ఖాళీ తిరుగుతోంది.

"పోగు పొడుగున తగ్గుతాది నాయనా, కొయ్య అడ్డంగా తగ్గుతాది. పచ్చి ఆకుకూర కట్ట చూడలేదా, మర్నాటికి పొట్టిదవుతాదా, సన్నపడతాదా? ఇంట్లో ఆడోళ్ళని అడిగింటే చెప్పుందుము" అంది. నన్ను అటక ఎక్కించి ఒక పాత కర్ర తీయించింది. అది ఆమె మగ్గానికి ముప్పై ఏళ్ళు తొక్కుడుకర్రగా ఉండి, ఒక కొస చీలితే మార్చి పెట్టినది. ఆమె పాదాలు ఆనిన చోట పల్లం పడి నున్నగా మెరుస్తోంది.

"ముప్పై ఏండ్లు నా కాళ్ళ కింద కుదించుకునింది. ఇంకేం కుదించుకుంటాది" అంది.

చీలిన కొస తీసేసి పదహారు అంగుళాలు కోశాను. ఈసారి ఏమీ కలపలేదు. కలపాలని చెయ్యి లాగింది గాని ఆమె పక్కనే నిలబడి ఉంది. పిడి బెజ్జంలో దిగింది. ఆమె పాదం ఒత్తిన పల్లం సరిగ్గా నా అరచేతి కిందకు వచ్చింది. గుంటలో దిగి ఎత్తితే పొట్టకు తగలలేదు, గోడకు తగలలేదు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. గాడి అంచులు మొదట్లో నా అక్షరాల్లా వంకరగా వచ్చినా అడుగుకు పోయేకొద్దీ తిన్నబడ్డాయి. దీపం పెట్టే వేళకు గుడ్డ చుట్టే కొయ్యను కొత్త గాడిలో దించాము. అత్త పలకను నాలుగుసార్లు గట్టిగా కొట్టింది. కొయ్య కదలలేదు. కుక్క గడప అవతల చివరిదాకా కూర్చుని చూసింది. ఆ రోజు దానికి పెరుగన్నం పెట్టలేదు.

ఆదివారం పొద్దున బావ బండి కట్టుకుని వచ్చాడు. బండిలో కొత్త గడ్డి మందంగా పరిచి, దాని మీద చాప, చాప మీద దిండు పెట్టుకుని వచ్చాడు. తల్లికి నడుము నొప్పి పుట్టకూడదని దారిలో రెండుసార్లు ఆగి గడ్డి సర్దానని మా ఆవిడతో చెప్పాడట. లోపలికి వచ్చి గుంజను రెండు చేతులా పట్టుకుని ఊపాడు. తరువాత కాలితో తన్నాడు. అత్త నేత ఆపలేదు.

"నిలబడ్డాది నాయనా. అన్నం తిని పో" అంది, నాడె విసురుతూనే.

అతను గుంజ పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. ఊళ్ళో అందరికీ అమ్మ వస్తోందని చెప్పేశానని మెల్లగా అన్నాడు. అప్పుడు మాత్రం ఆమె పలక మీద చెయ్యి పెట్టి ఆపింది. దసరాకు వచ్చి పది రోజులుంటానని చెప్పింది. ఆ పదిలో ఎన్ని ఆదివారాలు వస్తాయని నన్ను అడిగింది. ఒకటి ఖాయం, రెండు కూడా పడవచ్చన్నాను. అయితే తొమ్మిది రోజులు అంది.

తిన్నాక బావ అరుగు మీద మూలకు నిలబెట్టి ఉన్న నా తుమ్మ పిడిని చూశాడు. చేతిలోకి తీసుకుని బరువు చూసి, గాలిలో ఒకసారి ఊపాడు. ఏం పనికి చేసినావు బావా ఇది, చర్నాకోలకు అచ్చంగా కుదిరింది, ఎంత నున్నగా గీకినావు అన్నాడు. ఏ పనికి చేశానో చెప్పడానికి మా ఆవిడ నోరు తెరిచింది. నీకోసమే చేశానని నేను ముందే చెప్పేశాను. అతనికి అంత సంతోషం కలగడం చూసి ఆమె నోరు మూసుకుంది. తోలుపట్టీ కట్టుకుని, ఎద్దుల మీద ఒకసారి ఆడించి, ఖాళీ చాప మీద తానే కూర్చుని వెళ్ళిపోయాడు.

కొడతిని ఇంట్లో ఉంచడానికి అత్త ఒప్పుకోలేదు. నా మగ్గం గది బయట, చూరు కింద వేలాడదీశాను. వేలూరు నుంచి వచ్చాక ఆచారి దాన్ని చూడటానికి వచ్చాడు. ముట్టుకోలేదు. చేతులు వెనక పెట్టుకుని వంగి చూసి, తల మాంసం మొద్దుది, పిడి మగ్గం తొక్కుడుకర్ర, పట్టింది లెక్కలోడు, అయినా గాడి పడిందంటే గుంజ మంచిదై ఉండాల అన్నాడు.

తరువాతి సంతకు బావ వచ్చినప్పుడు అతను లోపల తల్లితో మాట్లాడుతుండగా నేను బండి దగ్గరకు వెళ్ళాను. చర్నాకోల పిడికి నూలుపోగు పట్టి కొలిచాను. ఇరవై ఆరే.